చర్మ విభాగం పేర ఒక మరణం

మార్చి 3, మంగళవారం

తెప్పలూరు ఆసుపత్రి నిబంధనల ప్రకారం ప్రతి విభాగాధిపతీ దినచర్య రాయాలి. మిగిలిన ఎనిమిది విభాగాల దినచర్యలను అందరి ఒంటికీ అతికించిన పొరే రాసిపెడుతుంది. గుండె ఎన్నిసార్లు కొట్టుకుంది, నరాలు ఎంత చురుకుగా ఉన్నాయి, మూత్రపిండాలు ఎంత వడపోశాయి అన్న సంకేతాలు ఊళ్లోని పదకొండు వేల ఒంటిపొరల నుంచి వచ్చి, వాటంతట అవే పేజీలుగా పేరుకుంటాయి. చర్మ విభాగానికి మాత్రం ఒక్క సంకేతమూ రాదు. నఖశిఖపర్యంతం చర్మానికి అంటుకొని బతికే ఆ వస్తువు, చర్మాన్ని గురించి తప్ప అన్నిటిని గురించీ మాట్లాడుతుంది. అందుచేత ఈ దినచర్యను నేను చేత్తో రాస్తాను.

"ఏమీ లేదు అని రాసి సంతకం పెట్టండి మేడమ్, చాలు" అని సూపరింటెండెంటు సత్యదేవరావుగారు పదకొండేళ్లుగా సలహా ఇస్తున్నారు. నాకు డెబ్బై ఎనిమిదేళ్లు. ఏమీ లేని చోట ఏమీ లేదని రాయడానికి నాకు అభ్యంతరం లేదు. చూడని చోట ఏమీ లేదని రాయడం మాత్రం నాకు చదువు చెప్పినవారు నేర్పలేదు.

ఇక్కడి భోజనాల గదిలో బల్లలకు హోదా ఉంది. ఏ విభాగానికి ఎక్కువ సంకేతాలు వస్తాయో ఆ విభాగానికి సముద్రం కనిపించే కిటికీ పక్క బల్ల. పన్నెండేళ్లుగా అది హృద్రోగ విభాగానిదే. రెండవది నరాల విభాగానిది. అలా దిగుతూ వస్తే చివరన, గిన్నెలు కడిగే తొట్టి పక్కన, నా బల్ల. దానికి ఒకటే కుర్చీ.

ఈరోజు పప్పుచారు వడ్డిస్తుండగా పెద్ద బల్లల మధ్య నిత్యవాదం మొదలైంది.

"నిమిషానికి డెబ్బైసార్లు తన సంగతి తాను చెప్పుకొనే అవయవం మాది" అన్నారు హృద్రోగ విభాగాధిపతి ఆర్యమాన్. ముప్పై ఆరేళ్ల యువకుడు. బాగా చదువుకున్నవాడు. ఆ సంగతి అతనికి కూడా బాగా తెలుసు. "మీ మెదడు రోజంతా ఏం చేస్తోందో మెదడుకే తెలియదు, ప్రణతిగారూ."

నరాల విభాగాధిపతి ప్రణతి గరిటె ఆపి చూసింది. "భయం పుట్టేది మా దగ్గర. మీవాడు ఊరికే దడదడలాడతాడు. వార్త మాది, డప్పు మీది."

"మీరిద్దరూ తేల్చుకోండి" అన్నారు మూత్రపిండాల డాక్టరుగారు, చారు జుర్రుకుంటూ. "సాయంత్రానికి ఇద్దరూ మా గుమ్మం తొక్కవలసిందేగా."

అందరూ నవ్వారు. ఆ నవ్వు మిగిలిపోవడం చేత ఆర్యమాన్ నా వైపు తిరిగాడు. "మేడమ్ విభాగం గోడకు సున్నంలాంటిది. ఉంటే అందం. ఊడితే మళ్లీ కొట్టించుకుంటాం."

"సున్నం ఊడిన గోడలోకి ముందుగా దిగేది నీరు, డాక్టర్ ఆర్యమాన్. తేలే ఊళ్లో కాపురం ఉంటూ మీరు ఆ సంగతి మరిచిపోకూడదు" అన్నాను. ఎవరూ నవ్వలేదు. చివరి బల్ల మీది హాస్యానికి సంకేతం రాదు కాబోలు.

ఒక సంగతి గమనించాను. వాదన సాగినంతసేపూ ఆ మహానుభావులు ఒక్క క్షణం కుదురుగా కూర్చోలేదు. ఒకరు కుర్చీ వీపుకు తన వీపును ఆనించి మెల్లగా అటూ ఇటూ జరుపుతున్నారు. ఒకరు కాలు మీద కాలు వేసి, తీసి, మళ్లీ వేస్తున్నారు. సభామర్యాద చెడకుండా ఒంటిని రుద్దుకోవడానికి ఇన్ని భంగిమలు ఉన్నాయని ఈ వయసులో తెలిసింది. జనవరిలో కొత్త రకం పొర వేసిన నాటినుంచీ ఈ నాట్యం చూస్తున్నాను. నన్ను ఎవరూ అడగలేదు. డెబ్బై దాటినవారికి పొర ఐచ్ఛికం. డెబ్బయ్యో పుట్టినరోజు పొద్దున్నే నేను దాన్ని తీసిపారేశాను. పొరను గుర్తుపట్టి తెరుచుకునే ఈ ఊరి తలుపులను నేను ఇనుప తాళంచెవితో తెరుచుకుంటాను.

మార్చి 5, గురువారం

"తెరున్న గది ఇదేనేటమ్మా?" అని ఒకావిడ గుమ్మంలో నిలబడి, చాటు కోసం నేను కట్టించిన గుడ్డతెరను చూస్తూ అడిగింది.

పేరు పైడితల్లి, వయసు ముప్పై ఎనిమిది. ఊరి అడుగున మునిగి, ఊరిని తేల్చే పీపాలకు పట్టిన గుల్లలను గీకే పని. ఆ గీకేవారు నాలుగు వారాలు చేతులు ముడుచుకుంటే గుల్లల బరువుకు తెప్పలూరు మోకాలి లోతు కుంగుతుంది. ఈ ఆసుపత్రిలో వారికి హోదాబల్ల లేదు. అసలు బల్లే లేదు.

"ఏమిటి బాధ?" అన్నాను.

"గుండి జబ్బంటమ్మా. పందొమ్మిదో తారీకున గుండిలోకి తీగెట్టి కాల్సీత్తారంట. ఆ తరవాత నీటడుక్కి దిగకూడదంట జన్మలో."

"గుండె అయితే ఎదుటి భవనం కదా."

"ఎల్నాను. ఆలకి సెప్పలేంది ఒకటుంది." తల దించుకుంది. "తెరున్నది ఈ గదికేనని అడుగు పనోళ్లు అన్నారు."

ఇంకేమీ అడగకుండా లేచి, ఆవిడకు వీపు పెట్టి, తీరిగ్గా చేతులు కడుక్కోసాగాను. యాభై ఏళ్ల వృత్తిలో నేను కనిపెట్టిన వైద్య పరికరం ఇదొక్కటే. ముఖం చూసి చెప్పలేనిది మనుషులు వీపుకు చెబుతారు. రెండోసారి సబ్బు రుద్దుకుంటూ ఉండగా వెనుకనుంచి మాట వచ్చింది.

"దురదమ్మా. సంకల్లోన, రొమ్ముల కింద, తొడల సందున. నీటిలో ఉన్నంతసేపూ పర్లేదు. పైకొచ్చి ఆరితే నిప్పులు పోసినట్టుంటాది. కూకోనేను, తొంగోనేను. రెండు నెల్లయింది మా ఆయన్ని పక్కకి రానిచ్చి. ఆడికి అనుమానం, ఇంకెవుడో ఉన్నాడేటని."

"ఉన్నాడా?"

"గుల్లలున్నాయమ్మా. నా బతుక్కి అవే సాలు."

ఇద్దరం నవ్వుకున్నాం. ఆ తరువాత చూపించడం కష్టం కాలేదు.

పైకి చూస్తే ఏమీ లేదు. పొరను తయారుచేసినవారు దానికి ఆరోగ్యవంతుల చర్మపు రంగు అద్దారు. లోపల పుండు పడినా పైన నిగనిగలాడుతూనే ఉంటుంది. నిబంధనల ప్రకారం చర్మ విభాగానికి బొటనవేలి వెడల్పు మేర పొర అంచు ఎత్తి చూసే అధికారం ఉంది. కొబ్బరినూనె రాసి, చంక కింద అంచు ఎత్తాను. లోపల ఎర్రగా, తడిగా, గీరుకుపోయి ఉంది. ఎక్కడ అంచు ఎత్తినా అదే ఎరుపు. పొర అతకని అరచేతి మీద చుక్కైనా లేదు. ఈ రోగాన్ని గుర్తించడానికి యాభై ఏళ్ల అనుభవం అక్కర్లేదు. రెండు కళ్లు ఉంటే చాలు, కానీ వాటిని వాడాలి.

"దీనికి పేరుందేటమ్మా?"

"ఉంది. ఒంటికి జిగురు పడకపోవడం."

"అంతేనా? గుండి జబ్బుకి మా పెద్ద పేరు సెప్పారు" అని కాస్త నిరుత్సాహపడింది.

"మరి గుండి జోరుగా కొట్టుకోడం?" అని మళ్లీ అడిగింది.

"రెండు నెలలు నిద్ర లేకుండా గోక్కుంటూ కూర్చుంటే ఎవరి గుండైనా జోరుగానే కొట్టుకుంటుంది. దురద సంగతి ఆ డాక్టరుగారికి చెప్పావా?"

"ఆయన నా మొగం చూసి మాటాడితే కదా. గోడ మీద గీతల్ని చూసీసి, ఆటితోనే మాటాడీసి, ఎల్లిపోమన్నారు."

పొర పైన ఏ మందు రాసినా కిందికి దిగదు. పొర తియ్యాలి. అయిదో ఏట వేసింది మొదలు, ఆరు నెలలకొకసారి చీకటి గదిలో యంత్రంతో మార్చే పది నిమిషాలు తప్ప, డెబ్బై ఏళ్లు నిండేలోగా పొర తీసిన మనిషి ఈ ఊళ్లో ఎవరూ లేరు.

మార్చి 7, శనివారం

ఆర్యమాన్ గదికి వెళ్లాను. మెట్లు ఎక్కడానికి చెయ్యి అందించబోయాడు. వద్దన్నాను.

గోడ నిండా గీతలు. వాటిలో ఒక దానికి పైడితల్లి అని పేరు. నిమిషానికి నూట ముప్పై.

"కొత్త జబ్బు మేడమ్. తెప్పలూరు దడ అని పేరు పెట్టాను. జనవరి నుంచి రెండు వందల పన్నెండు కేసులు. ఇరవయ్యో తేదీన, బల్లలు నిర్ణయించే హోదాసభలో ప్రవేశపెడుతున్నాను. సభకు ముందు ఒక్క శస్త్రచికిత్స అయినా చేసి చూపిస్తే బాగుంటుందని ఈవిడను ఎంచుకున్నాం. గీత చాలా స్పష్టంగా ఉంది."

"ఈవిడకు ఒళ్లంతా దురద ఉంది."

"ఉండవచ్చు."

"ఆ దురద ఈ గీతల్లో ఎక్కడ ఉంది?"

అతను ఓపికగా నవ్వాడు. పెద్దవాళ్లతో మాట్లాడడానికి ఈ ఊరివాళ్లు నేర్చుకున్న నవ్వు. "దురదకు సంకేతం లేదు మేడమ్. దురద అనేది రోగి అభిప్రాయం."

ఈ వాక్యాన్ని ఇక్కడ ఉన్నదున్నట్టుగా రాసిపెడుతున్నాను. భావితరాల వైద్యవిద్యార్థులకు పనికివస్తుంది.

అక్కడినుంచి ప్రణతి గదికి వెళ్లాను. ఆమె కూడా ఒక కొత్త జబ్బు కనిపెట్టింది. సముద్రపు నిద్రలేమి. రెండు వందల పన్నెండు కేసులు. మనోవ్యాధుల విభాగం వారు అకారణ కోపం అనే వ్యాధిని కనిపెట్టారు. రెండు వందల పన్నెండు కేసులు. మూడు జాబితాలూ తెచ్చి నా బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఒకే పేర్లు, ఒకే వరుస. మూడు విభాగాలు ఒకే ఏనుగును మూడుసార్లు తమ పేర రాయించుకున్నాయి. ఆ ఏనుగు పాపం, జిగురుకు గోక్కుంటోంది.

"మీ ముగ్గురి జాబితాలూ ఒకటే" అని ప్రణతికి చెప్పాను.

"అంటే వాళ్లు మావి ఎత్తుకుపోయారన్నమాట" అంది.

మార్చి 10, మంగళవారం

పొర తొలగించడానికి అనుమతి కోరుతూ దరఖాస్తు ఇచ్చాను. సత్యదేవరావుగారు నన్ను పిలిపించి, కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇప్పించారు. మంచినీళ్లు వచ్చాయంటే అనుమతి రాదని అర్థం.

"పొర తీస్తే ఆవిడ ఎక్కడ ఉంటారు మేడమ్?"

"ఎప్పుడూ ఉండే చోటే. ఆమె ఒంట్లో."

"అది కాదండీ. రికార్డులో. సంకేతం లేకపోతే మనిషి లేనట్టే గదా మనకి. పైగా ఈ దరఖాస్తులో ఏ సంకేతం ఆధారంగా తొలగిస్తున్నారు అనే గడి ఖాళీగా వదిలేశారు."

"చర్మానికి సంకేతం లేదని మీకు తెలుసు."

"అదేగా నా ఇబ్బంది. గడి నిండితే ఇప్పుడే సంతకం పెట్టేద్దును." ఆయన గొంతు తగ్గించారు. "మేడమ్, నా మాట విని ఆరోగ్యం చూసుకోండి. ఈ వయసులో మీకు ఒక సహాయకురాలిని వేద్దాం. నడవడానికీ, రాసుకోవడానికీ..."

"నడక నాది, రాత నాది. మీ ఆసుపత్రిలో ఇంకొకరి చెయ్యి పట్టుకోకుండా నిలబడిన విభాగం నాదొక్కటే, సత్యదేవరావుగారూ. దాన్ని అలాగే ఉండనివ్వండి" అని వచ్చేశాను.

సాయంత్రం పైడితల్లి మళ్లీ వచ్చింది. దడ తగ్గడానికని హృద్రోగ విభాగం వారు పొరలోని సన్నని సూదుల గుండా రక్తంలోకి మందు పంపారు. దానికి చెమట పట్టింది. ఆ చెమటకు దురద రెట్టింపైంది. దురదకు దడ ఇంకా పెరిగింది. పెరిగిన దడకు మందు మోతాదు పెంచారు. ఒక యంత్రం ఇంత శ్రద్ధగా ఒక మనిషిని హింసించడం నేను ఇంతకుముందు చూడలేదు.

"పందొమ్మిదికి ఇంక తొమ్మిది రోజులుందమ్మా" అంది. "నాను ఏడో ఏట నీటిలోకి దిగినాను. పైన నాకు పనేటుంటాది? గుండి కాల్సీసినాక గట్టు మీద కూకుని అలల్ని లెక్కెట్టుకోవాలేటి?"

 దరఖాస్తులోని ఖాళీ గడిని గురించి ఆలోచిస్తున్నాను. ఖాళీగా ఉండడం దాని తప్పు. దానికి నేను లోబడడం నా తప్పు.

మార్చి 13, శుక్రవారం

ఈరోజు పొర తీశాను. అనుమతి లేదు. ఆ విషయం పైడితల్లికి స్పష్టంగా చెప్పాను. తలుపులు తెరుచుకోవని, హాజరు పడదని, నామీద చర్య ఉంటుందని కూడా చెప్పాను.

"మీ మీదనా? మరి బయమేనేదా అమ్మా మీకు?"

"నా బల్లకన్నా కింద ఇంకో బల్ల లేదు. ఎక్కడికి దించుతారు?"

"అయితే తీసీండి. బేగి తీసీండి."

తెర వేసి, కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి, తలనుంచి మొదలుపెట్టాను. రెండు గంటలు పట్టింది. తలంటు పోస్తున్నట్టే ఉంది. ఆమె మధ్యలో ఒకసారి కునుకు తీసింది కూడా. నూనెకు జిగురు కరిగి, పొర మెల్లగా, ఉల్లిపొట్టులా ఊడివచ్చింది. మోకాలి దగ్గర పాత దెబ్బ మచ్చ కనిపించింది. ఎడమ భుజాన రూపాయి బిళ్లంత పుట్టుమచ్చ. పైడితల్లి దాన్ని వేలితో తడిమింది.

"ఇది నాదేనేటమ్మా?"

"నీదే."

"ముప్పై మూడేళ్లు నా కాడే ఉండి నాకు అగుపడనేదు" అని చాలాసేపు దాన్నే చూస్తూ కూర్చుంది.

పుండ్లకు చల్లని తడిగుడ్డ పరిచి, తేలికపాటి లేపనం రాసి, నూలు చీర కట్టించాను. తరువాత మణికట్టు పట్టుకుని, గోడ గడియారం చూస్తూ నాడి లెక్కపెట్టాను. నూట రెండు. ఇంకా దిగుతుంది.

పదకొండు గంటల నలభై నిమిషాలకు ఆసుపత్రి మైకులో ప్రకటన వచ్చింది. పొర సంఖ్య ఫలానా, శ్రీమతి పైడితల్లి, అన్ని సంకేతాలూ నిలిచిపోయినందున స్వర్గస్థులయ్యారు. విభాగాధిపతులు వెంటనే సమావేశం కావలెను.

"నానేనా?" అంది పైడితల్లి. నేను ఆమెకు ఉప్మా పెడుతున్నాను.

"నువ్వే. జీడిపప్పు వెయ్యమంటావా?"

"ఎయ్యండి."

విభాగాధిపతిని కనుక సమావేశానికి వెళ్లాను. చర్చనీయాంశం మరణం ఏ విభాగం పేర రాయాలన్నది. బతికి ఉన్నంతకాలం ఆవిడ మాదంటే మాదని జాబితాల్లో ఎక్కించుకున్నవాళ్లు, ఇప్పుడు ఒకరి వైపు ఒకరు తోస్తున్నారు. మరణం ఎవరి పేర పడితే వారికి హోదాలో కోత.

"గుండె ఆఖరి క్షణం దాకా చక్కగా కొట్టుకుంది. ఇదిగో గీత" అన్నాడు ఆర్యమాన్. "ఉన్నట్టుండి తెగిపోయింది. ఇది గుండె చావు కాదు."

"మెదడూ అంతే" అంది ప్రణతి. "చివర్లో అయితే హాయిగా నిద్రపోయింది కూడా. ఇంత మంచి నిద్రగీత నేను జనవరి నుంచి చూడలేదు."

"మూత్రపిండాలు భేషుగ్గా ఉన్నాయి."

"కోపం కూడా తగ్గింది" అన్నారు మనోవ్యాధులవారు.

అప్పుడు నేను లేచాను. "ఆమె నా గదిలో ఉప్మా తింటోంది" అన్నాను.

సత్యదేవరావుగారు నా వైపు ఎంతో దయగా చూశారు. "మేడమ్, మీ బాధ అర్థం చేసుకోగలం."

ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, లేచి ముప్పై అడుగులు నడిచి నా గది తలుపు తోసి చూస్తారేమోనని ఆగాను. గోడ మీది గీత ఆగిపోయి ఉండగా తలుపు తోయవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. చివరికి ఆఖరుగా చూసినది చర్మ విభాగమే కాబట్టి మరణాన్ని చర్మ విభాగం పేర రాయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. పదకొండేళ్లలో నా విభాగానికి వచ్చిన మొదటి నమోదు ఇది. సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు.

మార్చి 15, ఆదివారం

నాడి డెబ్బై ఎనిమిది. తడి ఆరింది, ఎరుపు తగ్గుతోంది. నిన్న పది గంటలు నిద్రపోయింది.

పైడితల్లి భర్త సింహాద్రి సంతాపలేఖ చేత్తో పట్టుకుని వచ్చాడు. పెళ్లాన్ని కింద నుంచి పై దాకా చూశాడు.

"ఏటే, సచ్చిపోనావంట."

"అవునంట. నీకేటి ఇచ్చారు?"

"మూడ్రోజుల సెలవు. అరటిపళ్లు కూడా ఇచ్చారు." అరటిపళ్లు నా బల్ల మీద పెట్టాడు. "ఇలగ బాగున్నావే. ఇంకో మూడ్రోజులు సచ్చిపోకూడదేటి?"

"పోరా, సిగ్గునేనోడా" అంది. ఇద్దరూ ముసిముసిగా నవ్వుకుంటూ ఉంటే నేను నా పుస్తకాల వైపు తిరిగాను.

నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. సంతాపలేఖ వెనుక వైపు ఇంకొక ఉత్తర్వు ఉంది. సింహాద్రి అది చదవలేదు, నేను చదివాను. మరణం పొరలోపం వల్ల కూడా జరిగి ఉండవచ్చని సాంకేతిక విభాగం వారు అభిప్రాయపడ్డారు. కనుక పద్దెనిమిదో తేదీ ఉదయం మృతురాలికి కొత్త పొర వేసి సంకేతాలు పునరుద్ధరించాలి. పునరుద్ధరణ జరిగిన పక్షంలో, ముందు నిర్ణయించిన ప్రకారం పందొమ్మిదిన గుండె చికిత్స జరుగుతుంది. హాజరు కాని పక్షంలో ఊరిలో నివాసహక్కు రద్దవుతుంది.

చచ్చిపోయినదాన్ని బతికించి మరీ కాలుస్తామంటున్నారు.

పైడితల్లి అరటిపండు ఒలవడం ఆపింది. "ఊరొగ్గీమంటే ఒగ్గీగలనా అమ్మా? దీని అడుగంతా నా సేతుల్తో గీకినాను" అంది. సింహాద్రి లేఖను నాలుగు మడతలు పెట్టి, మళ్లీ విప్పి, మళ్లీ పెట్టాడు.

మార్చి 18, బుధవారం

ఉదయం తొమ్మిదింటికి అందరూ నా గదికే వచ్చారు. సత్యదేవరావుగారు, ఆర్యమాన్, ప్రణతి, పొర చల్లే పిచికారీ గొట్టం పట్టుకున్న సాంకేతికుడు. నా గదిలోకి ఇంతమంది వైద్యులు ఒకేసారి రావడం ఇదే మొదలు. కూర్చోవడానికి కుర్చీలు లేవు. నేను అరువు తేలేదు.

పైడితల్లి నూలు చీరలో కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమెను చూసి వాళ్లు ఆగిపోయారు. చచ్చిన మనిషి ఎదురుగా నిలబడి ఉన్నందుకని మొదట అనుకున్నాను. కాదు. మెడ దగ్గర ఎరుపు మిగిలి, మోచేతి దగ్గర ముడతపడి, భుజాన పుట్టుమచ్చ ఉన్న అసలైన చర్మాన్ని వాళ్లలో ఎవరూ ఎన్నడూ ఇంత దగ్గరగా చూడలేదు. నా ముడతల వైపు ఎవరూ చూడరు. ప్రణతి చూపు తిప్పుకోలేకపోయింది.

"కానిద్దాం మేడమ్" అన్నారు సత్యదేవరావుగారు. "పది నిమిషాల పని."

"వెయ్యవచ్చు. దానికి ముందు డాక్టర్ ఆర్యమాన్ నాకు ఒక సహాయం చెయ్యాలి" అన్నాను. "రేపు మీరు కాల్చబోయే గుండె ఇప్పుడు ఎలా కొట్టుకుంటోందో చూడండి."

"పొర వేస్తే చూస్తాను."

"పొర వేస్తే దురద వస్తుంది. దురద వస్తే దడ వస్తుంది. మీరు చూసేది అది. నేను చూడమంటున్నది దీన్ని."

"పొర లేకుండా ఎలా చూడను?"

"వేళ్లతో."

 రోగిని తాకడానికి సమ్మతి పత్రం కావాలని సత్యదేవరావుగారు గుర్తుచేశారు. మృతులు సంతకం పెట్టవచ్చునా అన్నది ఆయన సందేహం. పైడితల్లి ఆయన చేతిలోని కాగితం లాక్కుని వేలిముద్ర వేసేసింది.

ఆర్యమాన్ ముందుకు వచ్చాడు. పన్నెండేళ్లుగా మొదటి బల్ల దగ్గర కూర్చునే విభాగానికి అధిపతి. ఆమె చేతిని, వేడి పెనం పట్టుకున్నట్టుగా, రెండు వేళ్లతో పట్టుకున్నాడు. మణికట్టు పై వైపు ఎముక మీద వేళ్లు పెట్టాడు. అక్కడ ఏమీ లేదు. చిటికెన వేలి వైపు జరిపాడు. అక్కడా లేదు. మళ్లీ మొదటి చోటికే వచ్చాడు. నేను చెప్పవచ్చు. చెప్పాలని నా నాలుక దాకా వచ్చిన మాటలు మంచి పదును మీద ఉన్నాయి. పదకొండేళ్ల మాటలవి.

నేను నోరు తెరిచేలోగా పైడితల్లి అతని వేళ్లు పట్టుకుని, చెయ్యి వెల్లకిలా తిప్పి, బొటనవేలి మొదట్లో పెట్టింది. "ఇక్కడ బాబూ. మరీ నొక్కకండి, దొరకదు."

అతను నిలబడిపోయాడు. నా గోడ గడియారం వైపు చూశాడు. పెదవులు మెల్లగా కదిలాయి. నిమిషం అయింది. వేళ్లు తియ్యలేదు. రెండో నిమిషం కూడా లెక్కపెట్టాడు. అది అతన్ని ఎవరూ అడగలేదు.

"డెబ్బై నాలుగు" అన్నాడు చివరికి. "ఒక్కటి కూడా తప్పలేదు."

"అయితే పొర వేయించమంటారా?" అన్నారు సత్యదేవరావుగారు.

"వద్దు. రేపటి చికిత్స కూడా అక్కర్లేదు. రద్దు చెయ్యండి."

"రేపు లేకపోతే ఇరవయ్యో తేదీ సభలో..."

"తెలుసు."

సత్యదేవరావుగారు చేతిలోని వెలుగు పలక మీద వేలితో వెతుకుతున్నారు. "రద్దుకు కారణం అడుగుతోంది. ఏ సంకేతం ఆధారంగా అని. ఏం రాయమంటారు?"

ఆర్యమాన్ గోడ వైపు చూశాడు, నా గోడ మీద గీతలు ఉండవు.

"చూశాను అని రాయండి."

"ఆ గడి లేదండీ ఇందులో."

"అయితే గడి గీయండి" అన్నాడు.

సాంకేతికుడు పిచికారీ గొట్టాన్ని చుట్టి పక్కన పెట్టాడు. ఆర్యమాన్ మాత్రం మణికట్టు పట్టుకునే ఉన్నాడు, ఏదో వింటున్నవాడిలా. పైడితల్లి కాసేపు ఓర్చుకుంది.

"బాబూ, సెయ్యి ఇచ్చీండి" అంది. "పనికెళ్లాల."